ఉదయగిరి గొర్రెల చెవి గుర్తులు, మా లైబ్రరీ హాలు

ఉదయగిరి ఎందుకు వెళ్ళొచ్చావని అడిగిన వాళ్ళందరికీ "గొర్రెల కోసం" అని చెప్పాను. ఎన్ని కొన్నావని ఒకరు, మటన్ కొట్టు పెడుతున్నావా అని ఇంకొకరు అడిగారు. నేను తెచ్చింది మాటలు. వాటిలోనూ అన్నిటికన్నా కావలసినవి తేలేకపోయాను. అయినా ఆ ప్రయాణం దండగ కాలేదు. ఎందుకు కాలేదో ఆ వైపు వెళ్ళనివాళ్ళకు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కరెంటు మోటార్లకు కాయిళ్ళు చుట్టేవాణ్ణి. కృష్ణా డెల్టాలో ఒక పట్నం మాది. పదో తరగతి లెక్కల్లో తప్పాక మళ్ళీ బడి మెట్లు ఎక్కలేదు. నేర్చుకున్నదంతా లైబ్రరీల్లోనే. మొదట వీధి చివరి లైబ్రరీ, అక్కడి బీరువాలు అయిపోయాక యూనివర్సిటీ లైబ్రరీ. అక్కడి లైబ్రేరియన్ వసుంధర గారు నాకు బయటి పాఠకుడిగా అనుమతి రాసిచ్చారు. షాపు కట్టేశాక గ్రీజు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వెళ్ళేవాణ్ణి. డిగ్రీ లేదని నేనెప్పుడూ తల దించుకోలేదు. చదివినవాడికి చదివినంత ఉంటుంది.

ఆ లైబ్రరీలో పాత పత్రికల గది ఖాళీ చేయించి వసుంధర గారు ఒక కంప్యూటరు హాలు పెట్టించారు. తొంభైల్లో కంప్యూటరంటే ఆఫీసరు గదిలో గుడ్డ కప్పుకుని ఉండే వస్తువు. ఇక్కడ మాత్రం గుడ్డ తీసేసి, గోడ వెంట యంత్రాలు, మధ్యలో ఒక పెద్ద గుండ్రటి బల్ల వేశారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. ఒక యంత్రం ముందు రెండు కుర్చీలు. శాసనాలు ఎక్కించే రీసెర్చి కుర్రాడు, పాత వైద్యం పుస్తకాలు ఎక్కించే రిటైరైన డాక్టరు, మాండలికాల మీద పనిచేసే ఎమ్మే అమ్మాయి, నేను. ఒకరికి రానిది పక్కవాళ్ళు చెప్పేవారు. తెలుగు టైపు చేయడం ఆ అమ్మాయి నేర్పింది. హాల్లో ఫ్యాను ఆగినప్పుడల్లా నేను బాగుచేసేవాణ్ణి.

నా పని గొర్రెల మాటలు. కోతలయ్యాక ఉదయగిరి వైపు నుంచి కాపరులు మందలు తోలుకుని మా చేలలోకి వస్తారు. పెంట కోసం రైతులు వాళ్ళను పిలిచి పొలంలో మంద కట్టించుకుంటారు. ఒక పొలానికి మోటారు బిగించడానికి వెళ్ళినప్పుడు మాలకొండయ్య అనే కాపరి పరిచయమయ్యాడు. నాకు తెల్లగొర్రె, నల్లగొర్రె తప్ప తెలియవు. ఆయన మందలో తెల్లది పల్ల, తెలుపు మీద నల్లమచ్చలున్నది జోడిపి, ఎర్రమట్టి రంగుది దొర. లైబ్రరీకి వెళ్ళి నిఘంటువులు వెతికితే సగం మాటలు లేవు. లేకపోతే మనమే పెట్టాలనుకున్నాను.

ఆ పని నడుస్తుండగా హాలుకే ముప్పు వచ్చింది. పరీక్షల విభాగం వాళ్ళకు కంప్యూటర్లు కావాలట. బయటివాళ్ళకు యూనివర్సిటీ యంత్రాలు ఎందుకని ఒక కమిటీ కూడా వేశారు.

"ఈ హాలు లేకపోతే జరగని పని ఒకటి వాళ్ళ ముందు పెట్టాలి ప్రసాదుగారూ," అన్నారు వసుంధర గారు. "ఇంట్లో కూర్చుని ఒక్కడు చేసుకోగలిగిన పనైతే, ఇంట్లోనే చేసుకోమంటారు. మీ గొర్రెల కోశం పూర్తిచేసి తీసుకురండి."

నా కాగితాల్లో ఒక వరస గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఏ ఇంటి గొర్రెకు చెవి మీద ఏ కోత గుర్తు పెడతారో, ఆ కోతల పేర్లేమిటో రాయాల్సిన వరస అది. అది నింపుకు రావడానికి బయలుదేరాను.

ఆత్మకూరు

నెల్లూరులో దిగి ఆత్మకూరు బస్సెక్కాను. దాదాపు సగం దూరం దాకా వరి పొలాలు మా వైపు లాగే ఉన్నాయి. తర్వాత పచ్చదనం పలచబడి, ఎర్రమట్టి, రాళ్ళు, దూరంగా కొండల వరస కనిపించాయి.

బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో కారందోసె తిన్నాను. ఆరు రూపాయలు. మా ఊళ్ళో దోసెకు పక్కన గిన్నెలో పచ్చడి ఇస్తారు. ఇక్కడ ఎర్రకారం దోసె మీదే పూసేశారు. మొదటి ముక్కకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వడ్డించేవాడు నిలబడి చూసి, "ఏంది సారూ, దోసెకే ఏడస్తా ఉండారు, బిల్లు ఇంకా ఇయ్యనేలేదే" అన్నాడు. పక్క బల్లలవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి మంచినీళ్ళు అడిగాను.

ఏ ఊరు వెళ్ళినా ముందు లైబ్రరీ చూడటం నాకలవాటు. ఇక్కడి శాఖా గ్రంథాలయం చిన్నది. మా యూనివర్సిటీ లైబ్రరీలో దగ్గు వస్తే నోరు మూసుకుని బయటికి పరుగెత్తాలి. ఇక్కడ వరండాలో దినపత్రికను విప్పి ఒక్కో కాగితం ఒక్కొక్కరు పట్టుకున్నారు. ఎవరి కాగితం వాళ్ళు పైకి చదువుతున్నారు. చదువురాని ముసలాయన మధ్యలో కూర్చుని, "వానల సంగతి ఎవురి కాడ ఉండాది? ముందు అది చదవండబ్బా" అంటున్నాడు. మొదట చిరాకేసింది. కాసేపు కూర్చున్నాక ఆ రోజు పేపరు నేను ముట్టుకోకుండానే నాకు వచ్చేసింది.

లైబ్రరీ చూసుకునే ఆయన వెనక గది కూడా చూపించారు. విరిగిన కుర్చీలు, దుమ్ము. "పది మంది కూచునే జాగా సారూ. ఉత్తగా పడి ఉండాది" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

దుత్తలూరు మీదుగా

ఉదయగిరి బస్సులో పక్కసీటాయన తెల్లచొక్కా, చేతిలో నల్లసంచి. ఏసురత్నం మాస్టారు. ఉదయగిరి దగ్గర ఒక పల్లె బడిలో పనిచేస్తున్నారు.

"ఎవురింటికి పోతా ఉండారు?"

"ఎవరింటికీ కాదండీ. గొర్రెల మాటలు రాసుకోవాలని."

"గొర్రెలు మాట్లాడేది ఒక్క మాటే గదా సారూ. మే అని. దానికి ఇంత దూరమా?"

నేను సంచిలోంచి కంప్యూటరు కాగితం తీశాను. రెండు అంచులకూ చిల్లులుండి, మడతలు మడతలుగా సాగే కాగితం అది. తీస్తుంటే కిటికీ గాలికి విచ్చుకుని ముందు సీట్ల మీదుగా డ్రైవరు దాకా పోయింది. బస్సంతా నవ్వు. కండక్టరు ఒక కొస పట్టుకుని, "దీనికి కూడా టిక్కెట్టు కొట్టాల్నా?" అన్నాడు. ముగ్గురు కలిసి మడిచి ఇచ్చారు. మడుస్తూ ఒకామె పైకి చదివింది: "జోడిపి. మేయ్, మన గొర్రెల పేరు అచ్చేసినారే!"

నాకు గర్వంగా అనిపించింది. మాస్టారు మాత్రం చివరి గళ్ళు చూసి, "చెవి గుర్తులా?" అని ఆగారు. "అది చెప్తారో లేదో సారూ. మాది చర్చి ఇల్లు, మాకు మందలు లేవు. అయినా చిన్నప్పట్నించీ ఒకటి చూసినా. ఏ మందగాడూ ఇంకొకడి గుర్తు నోట అనడు."

"సిగ్గా?"

"ఏమో సారూ. మీరే అడగండి."

దుత్తలూరులో బస్సు ఆగినప్పుడు రూపాయిన్నరకు టీ తాగాం. డబ్బులు ఆయన నన్ను ఇవ్వనివ్వలేదు. లాడ్జి వెతకనివ్వలేదు కూడా. "మా ఇంట్లో మంచం ఖాళీగా ఉండాది" అని నా సంచి తన భుజాన వేసుకున్నారు. మా పట్నంలో నేనైతే అంత తొందరగా ఎవరినీ పిలవను.

ఉదయగిరి

కొండ ఊరి నెత్తిమీదే ఉంది. ఏ వీధిలో నిలబడినా పాత కోటగోడ కనబడుతుంది. పొద్దున్నే ఒక వీధిలో చెక్కను చెక్కి గరిటెలు, చెంచాలు చేస్తున్నవాళ్ళను చూశాను. పిడి చివర చేప బొమ్మ ఉన్న చెంచా ఒకటి కొన్నాను. దానితోనే ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు తీస్తున్నాం.

మాస్టారి ఇంట్లో భోజనానికి ముందు ఆయన భార్య కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అందులో నా పని సఫలం కావాలని కూడా అడిగింది. గొర్రెల సంగతి దేవుడి ముందు అంత మామూలుగా చెప్పడం నాకు బాగా నచ్చింది. రాగిసంగటి, చెనక్కాయల పచ్చడి పెట్టారు. అన్నంలా నమలబోయాను.

"నమలబాకండి సారూ, మింగాల" అంది ఆవిడ. మింగితే గొంతులో వేడి. నమిలితే పళ్ళకు అతుకు. ఆ ఇంటి పిల్లలు నా ముఖం చూసి నవ్వాపుకోలేక పెరట్లోకి పరుగెత్తారు.

తిన్నాక మాస్టారు తన మోపెడ్ మీద వరికుంటపాడు దారిలో ఉన్న మాలకొండయ్య పల్లెకు తీసుకెళ్ళి దించారు. బడి టైమైందని వెళ్ళిపోయారు. సాయంత్రం వస్తానన్నారు.

మజ్జిగ మంచం

మాలకొండయ్య ఇంట్లో లేడు. మంద తోలుకుని కొండవారకు పోయాడు. ఆయన భార్య రమణమ్మ వాకిట్లో ఉంది. మా పొలాల్లో ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు, మందతో ఆమె రాదు. నేను పేరు చెప్పుకుని మంచం మీద కూర్చున్నాను. నలుగురైదుగురు పోగయ్యారు. వాళ్ళలో పెంచలయ్య అని ఒకతను, వయసులో మాలకొండయ్య కన్నా చిన్నవాడు, గుబురు మీసాలవాడు.

మొదట రంగులు అడిగాను. చెప్పారు. రోగాల పేర్లు అడిగాను. పోటీపడి చెప్పారు. రాసుకోవడానికి చేయి చాలలేదు. ఊపు మీద ఉన్నాను. అప్పుడు పెంచలయ్యను అడిగాను: "మాలకొండయ్య గారి మందకు చెవి గుర్తు ఏమిటి?"

నలుగురూ నా ప్యాంటు వైపు చూశారు.

"నీకెందుకది?" అన్నాడు పెంచలయ్య. అంతదాకా సారూ అన్నవాడు నువ్వులోకి దిగాడు.

"రాసుకోవడానికి."

"రాసుకొని?"

"కంప్యూటర్లో పెడతాం."

పెంచలయ్య ఇంకొకడి వైపు చూశాడు. వాడు లేచి నా చెప్పులు తీసి చూరులో దోపాడు. రమణమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చింది. "తాగు నాయనా. ఎండగా ఉండాది. పోదువుగానిలే."

తాగి లేచాను. "నేను ఊళ్ళోకి వెళ్ళి..."

"కూచో నాయనా. ఇంకో చెంబు తెస్తా."

రెండో చెంబు కూడా తాగాక నాకు అర్థమైంది, నన్ను పోనివ్వరని. ఒక్కరూ గట్టిగా మాట్లాడలేదు, చేయి వేయలేదు. లేచినప్పుడల్లా మజ్జిగ వచ్చింది. మధ్యలో ఉల్లిపాయ, సద్ది కూడా వచ్చాయి. ఇంత మర్యాదగా పట్టి కూర్చోబెట్టడం నేనెక్కడా చదవలేదు.

"నన్ను ఎవరనుకుంటున్నారమ్మా?" అని అడిగేశాను.

రమణమ్మ దాచలేదు. "మొన్న జీపులో వచ్చి పక్కూళ్ళో మంద ఎత్తుకపొయినారు నాయనా. ముందు ఒకడు ప్యాంటేసుకొని వచ్చి, ఎవురి గుర్తు ఏందని అడిగి పొయినాడంట. నువ్వూ ప్యాంటేసుకోనుండావు."

పొద్దు వాలుతుండగా మాలకొండయ్య మందతో వచ్చాడు. దూరం నుంచే నన్ను చూసి కర్ర ఎత్తాడు. కొట్టడానికేమోనని మంచం దిగాను. ఆయన నవ్వుతున్నాడు.

"మోటారు ప్రసాదన్నా! నువ్వా! ఏంరా పెంచలయ్యా, మనిషిని కట్టెయ్యలేదు గదా?"

"కట్టెయ్యలేదు మామా. మజ్జిగ తాపినాం. కుండ అయిపొయింది."

అందరూ ఒక్కసారి నవ్వారు. నా చెప్పులు చూరులోంచి దిగాయి. అప్పుడే మాస్టారి మోపెడ్ చప్పుడు వినిపించింది. సంగతి విని ఆయన మోపెడ్ ఆపకుండానే నవ్వడం మొదలుపెట్టారు.

వాళ్ళ పద్ధతి

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి మాస్టారు నాకు తన పంచె కట్టించి పంపారు.

మాలకొండయ్య విడమరిచి చెప్పాడు. గొర్రెపిల్లకు చెవి అంచున చిన్న కోత పెడతారు. ఇంటింటికీ కోత వేరు. దొంగకు ఆ గుర్తు ముందే తెలిస్తే, దాని మీద ఇంకో కోత పెట్టి వేరే ఇంటి గుర్తుగా మార్చేస్తాడు. అందుకే మనిషి లేనిచోట అతని గుర్తు ఎవరూ అనరు.

"సరే, మీ గుర్తు మీరే చెప్పండి" అన్నాను.

"నాది నేను చెప్పుకుంటే దానికి సాక్షి ఎవురన్నా? రేపు ఇంకోడి గొర్రెను పట్టుకొని ఇదే నా గుర్తు అంటా. కాదనేదానికి ఎవురుండారు?"

"మరి ఎలా?"

"నాది పెంచలయ్య చెప్పాల. పక్కన నేను కూచోనుండాల. వాడిది నేను చెప్తా, వాడు కూచోనుంటాడు. సంతలో తగాదా వస్తే అట్టనే తెగుద్ది."

నేను పుస్తకాల్లో చాలా పద్ధతులు చదివాను. ఒకడి మాటను ఇంకొకడు చెప్పాలి, సొంతదారు విని ఒప్పుకోవాలి అనే ఇంత గట్టి కట్టుబాటు నాకు కొత్త. మా హాల్లో ఒక యంత్రం ముందు రెండు కుర్చీలు గుర్తొచ్చాయి.

"అయితే అందరూ ఒక్కచోట కూర్చుంటే చెప్తారా?"

"కూచుంటే చూద్దాం" అన్నాడు పక్కనే ఉన్న పెంచలయ్య. నా మీద నిన్నటి అనుమానం అతనికి ఇంకా పూర్తిగా పోయినట్టు లేదు. "యాడ కూచుంటాం? ఈడ కూచుంటే పక్కూరోళ్ళు రారు. వాళ్ళూళ్ళో అయితే మేం పోం."

"ఆత్మకూరులో లైబ్రరీ ఉంది. సంతకు అందరూ వస్తారుగా. అది ఎవరి ఊరూ కాదు, ఎవరి ఇల్లూ కాదు."

"లైబ్రరీలో మమ్మల్ని కూచోనిస్తారా?"

"కూచోనిస్తారు. చదువురాని పెద్దాయన పేపరు చదివించుకోవడం నేను చూశాను."

మళ్ళీ ఆత్మకూరు

సంతకు ముందురోజే వెళ్ళి వెనక గది అడిగాను. లైబ్రరీ ఆయన ఒప్పుకున్నారు. నేను విరిగిన కుర్చీలు బయటికి చేర్చి, గది కడిగి, పట్టాలు పరిచాను. ఆ గదిలో ఒక ఫ్యాను చచ్చి ఉంటే దాన్నీ విప్పి బాగుచేశాను. వరండాలో పేపరు ముసలాయన, "ఫ్యాను తిరగతా ఉంటే రోజూ ఈడనే పడుకుంటా" అన్నాడు.

సంత రోజు మధ్యాహ్నానికి, మాలకొండయ్య పంపిన కబురు విని దుత్తలూరు వైపు వాళ్ళు, వరికుంటపాడు వైపు వాళ్ళు, మాలకొండయ్య పల్లెవాళ్ళు వచ్చారు. గదంతా గొంగళ్ళ వాసన. మాస్టారు సెలవు పెట్టి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నారు. గొర్రె వయసును బట్టి ఏమంటారు, మందను పిలిచే కూతలేమిటి, తల్లి పాలివ్వకపోతే పిల్లను ఎలా అలవాటు చేస్తారు, అన్నీ వచ్చాయి. ఒక మాట మీద రెండు వైపులవాళ్ళూ వాదించుకున్నారు. రెండూ రాసుకున్నాను. నా జన్మలో అంత మంచి చదువు ఇంకెక్కడా జరగలేదు.

చివరికి గుర్తుల వరస వచ్చింది. కాగితం పరిచి కలం పట్టుకున్నాను. మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. పెంచలయ్య చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు మామా. ప్రసాదన్నా, ఒకటి చెప్పు. ఇది రాసుకొని పోతావు. ఆ మిసన్లో ఎక్కిస్తావు. ఆడ ఎవుడో వచ్చి మా గుర్తు చూస్తాడు. అప్పుడు మేము పక్కన ఉంటామా?"

"అక్కడ చదువుకునేవాళ్ళే చూస్తారు."

"అది గాదు నేనడిగేది. నేనొస్తే ఆ హాల్లోకి రానిస్తారా?"

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. మా హాలు గుమ్మం దగ్గర కాపలా మనిషి ఉంటాడు. కార్డు చూస్తాడు. నేనే బయటి పాఠకుడి కాగితం రోజూ చూపించాలి. ఔనంటే గళ్ళు నిండుతాయి. కమిటీ ముందు పూర్తి కోశం పెట్టవచ్చు. హాలు నిలబడవచ్చు.

"రానివ్వరు," అన్నాను. "ఇప్పటికైతే రానివ్వరు."

పెంచలయ్య చేయి తీసేశాడు. "అబద్ధం చెప్పలేదు, మంచిది. అయితే మేము రానిచోటికి మా గుర్తు ఒక్కటే ఎట్టా వచ్చిద్ది?"

మాలకొండయ్య నా భుజం తట్టాడు. "మనసులో పెట్టుకోబాకన్నా. వాడు చెప్పింది న్యాయం."

బస్సెక్కించేటప్పుడు మాస్టారు పొట్లం చేతిలో పెట్టారు. సజ్జరొట్టె, చింతకాయ పచ్చడి. దారి పొడుగునా తినలేదు. మడతల కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీ గళ్ళు చూస్తూ కూర్చున్నాను. నెల్లూరు దాటాక ఆకలేసింది. రొట్టె విరిచి తింటుంటే పెంచలయ్య ప్రశ్న మళ్ళీ వినబడింది. నేను తిప్పి అడగాల్సింది కమిటీనే కదా అనిపించింది. దిగేలోపు ఏం మాట్లాడాలో నిర్ణయించుకున్నాను.

మా హాలు

వసుంధర గారు కాగితాలన్నీ చూసి, చివరి వరస దగ్గర ఆగారు. జరిగింది చెప్పాను. ఆవిడ కాగితాలు మడిచారు. "కమిటీకి ఇలాగే ఇద్దాం," అన్నారు. "ఒక్క గడి కూడా నింపొద్దు."

కమిటీ గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక ప్రొఫెసరు గారు అడిగారు: "ఆ వరస తీసేస్తే పుస్తకం పూర్తయినట్టేగా?"

"ఆ వరస తీసేస్తే ఏ గొర్రె ఎవరిదో తెలియదండీ."

"టేపు రికార్డరు తీసుకెళ్ళి రికార్డు చేసుకోవచ్చు కదా."

"రికార్డు చేయనిస్తే రాయనూ ఇచ్చేవాళ్ళు. పక్కన సొంతదారు కూర్చుంటేనే చెప్తారు. రాసింది చూసేటప్పుడు కూడా వాళ్ళు రాగలగాలి. అది వాళ్ళ నియమం. నేను ఒక్కణ్ణి ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని కాదిది. గదికో కంప్యూటరున్న ఆఫీసులోనూ కాదు. ఆ గుండ్రటి బల్ల దగ్గర, వాళ్ళను కూర్చోనిస్తేనే అవుతుంది."

"అంత దూరం నుంచి గొర్రెల కాపర్లు ఇక్కడికొస్తారా?"

"ఏటా వస్తూనే ఉన్నారండీ. కోతలవగానే మన క్యాంపస్ వెనక చేలలోనే మంద కడతారు. వాళ్ళు గేటు దాటలేదు, అంతే."

ఆ ప్రొఫెసరు గారు కిటికీలోంచి వెనక చేల వైపు చూశారు. అప్పుడింకా వరి పచ్చగా ఉంది.

మొత్తం గెలిచామని చెప్పను. పరీక్షల విభాగం కొన్ని యంత్రాలు పట్టుకుపోయింది. హాలు మాత్రం నిలిచింది. గుండ్రటి బల్ల దగ్గర రెండు యంత్రాలకు కార్డు అడగకూడదని నిర్ణయం రాసిచ్చారు. దాని కింద వసుంధర గారు ఇంకో నియమం చేర్చారు. గుర్తుల ఫ్లాపీ బీరువాలో తాళం వేసి ఉంటుంది. కాపరులు ఇద్దరు పక్కన కూర్చుంటేనే అది తెరవాలి.

వరి కోతలయ్యాయి. ఒక ఉదయం మాలకొండయ్య, పెంచలయ్య మా షాపు ముందు నిలబడి ఉన్నారు. హాలు గుమ్మం దగ్గర కాపలా మనిషి అలవాటు కొద్దీ చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ చెప్పులు విడిచారు. పెంచలయ్య తనవి వరసలో పెట్టి, నా వైపు చూసి, "ఈడ చూరు లేదే అన్నా, దోపేదానికి" అన్నాడు. లోపల ఫ్యాను గాలికి మాలకొండయ్య గొంగడి కప్పుకున్నాడు. ఎమ్మే అమ్మాయి లేచి వాళ్ళకు కుర్చీలు జరిపింది. ఫ్లాపీ యంత్రంలో పెట్టాను. తెర మీద ఖాళీ గళ్ళు వచ్చాయి.

"చెప్పురా," అన్నాడు మాలకొండయ్య. "నేను ఈడనే ఉండా."

పెంచలయ్య చెప్పాడు. మాలకొండయ్య తల ఊపాడు. నేను టైపు చేశాను.

ఆ గుర్తు ఏమిటో ఇక్కడ రాయను. ఇది చదువుతున్నప్పుడు మీ పక్కన మాలకొండయ్య ఉండడు కదా. చూడాలనుకుంటే కోతలయ్యాక మా హాలుకు రండి. ఆయన వెనక చేలలోనే ఉంటాడు, పిలుచుకొస్తాను. మిమ్మల్ని ఎవరూ కార్డు అడగరు.